తెలుగు అక్షరానికి తాళం వేయని వాళ్లు

ఫోన్‌లో ‘స్త్రీ’ అని టైపు చేయండి. కంటికి కనిపించేది ఒక్క అక్షరం. ఫోన్ దాచుకునేవి మాత్రం ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఆఖరున గుడి దీర్ఘం. వాటిని వచ్చినవి వచ్చినట్టు పక్కపక్కన పేరిస్తే ఎవరూ చదవలేరు. అన్నిటికన్నా చివర కొట్టిన గుడి దీర్ఘం వెనక్కి వెళ్లి మొదట ఉన్న ‘స’ నెత్తిన కూర్చోవాలి. ‘త’ తలకట్టు విడిచి వత్తుగా కిందికి దిగాలి. ‘ర’ క్రారవడిగా మారి, ఆ తవత్తుకు తగలకుండా తన చోటు తాను వెతుక్కోవాలి. ఏది ఎక్కడ ఒదగాలో ఫాంటు చెబుతుంది. ఆ చెప్పినదాన్ని చదివి అమలు చేయడానికి ఇంకో సాఫ్ట్‌వేర్ కావాలి.

ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలోనూ, లిబ్రేఆఫీస్‌లోనూ ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ పేరు హార్ఫ్‌బజ్. దాన్ని ఏళ్ల తరబడి ముందుండి నడిపించిన ఇంజినీరు బెహ్‌దాద్ ఎస్ఫాబోద్ ఇరాన్‌లో పుట్టినవాడు. పారశీక లిపిలోనూ అక్షరం తన చోటును బట్టి రూపం మార్చుకుంటుంది. కాబట్టి మన వత్తుల అవస్థ ఆయనకు కొత్తది కాదు. హార్ఫ్‌బజ్ సోర్స్ కోడ్ బహిరంగంగా ఉంది. ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు, పైసా కట్టకుండా తమ సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోవచ్చు. గూగుల్ పెట్టుకుంది, మొజిల్లా పెట్టుకుంది, ఇంజినీరింగ్ రెండో ఏడాది చదివే కుర్రాడు తన ప్రాజెక్టులో పెట్టుకున్నా అడిగేవాళ్లు లేరు.

గత ముప్పై ఏళ్లలో తెలుగుకు జరిగిన పెద్ద మేళ్లు లెక్కపెట్టమంటే, ఇలా కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్‌ను నేను మొదటి వరసలో చెబుతాను. భాషా దినోత్సవాల వేదికల మీద ఆ మాట వినిపించదు. తెలుగు తెర మీద బతికి బట్టకట్టడానికి ఎవరెవరు ఏమేం చేశారో తెలిస్తే ఆ వేదికల మీద వాళ్ల పేర్లు కూడా పలకాలని మీకూ అనిపిస్తుంది.

ఫైల్లో తెలుగు లేని రోజులు

విజయవాడలోనో హైదరాబాదులోనో పాత డీటీపీ సెంటరుకు వెళ్లినవాళ్లకు ఈ దృశ్యం తెలుసు. కంప్యూటరులో పేజ్‌మేకర్, అందులో అను ఫాంట్లు. ఆపరేటరు కళ్లు రాతప్రతి మీద, వేళ్లు కీబోర్డు మీద. పుస్తకాలు, శుభలేఖలు, కరపత్రాలు, ఎన్నికల గోడపత్రికలు అన్నీ అలాగే తయారయ్యాయి. ఆ ఫాంట్లు గీసినవాళ్ల పనితనాన్ని నేను తక్కువ చేయను. అచ్చులో తెలుగు అంత ముచ్చటగా కనబడిందంటే అది వాళ్ల చలవే.

చిక్కల్లా ఆ ఫైళ్లలో తెలుగు లేకపోవడం. ఇంగ్లిషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన గళ్లలో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చారు. తలకట్టు ఒక గడిలో, వత్తు ఇంకో గడిలో, కొమ్ము మరో గడిలో. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో తెరిస్తే తెలుగు, లేనిచోట అర్థంపర్థం లేని గుర్తుల వరస. పైగా ఒక్కో కంపెనీ గళ్ల అమరిక ఒక్కో తీరు. ఒకరి ఫైలు ఇంకొకరి ఫాంటులో తెరుచుకోదు. వెతుకుదామంటే మాట దొరకదు, అకారాది క్రమంలో పెడదామంటే వరస కుదరదు. అన్ని భాషల అక్షరాలకూ తలా ఒక శాశ్వత సంఖ్య ఇచ్చే యూనికోడ్ 1991లో వచ్చినప్పుడే తెలుగుకూ అందులో 128 గళ్లు దక్కాయి. పేజ్‌మేకర్‌కు మాత్రం యూనికోడ్ తెలియదు. దాని ఆఖరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. మన ప్రచురణ రంగం ఆ తర్వాత కూడా చాలాకాలం దాన్నే పట్టుకుని నడిచింది.

ఆ భారం ఇవాళ ఎవరి మీద పడుతోందో చూడాలంటే ఒక పాత పుస్తకం ఫైలు ముందేసుకుని కూర్చోవాలి. ఒక మిత్రుడి కథల సంపుటిని అలా యూనికోడ్‌లోకి తెచ్చే పని చేశాను. మార్పిడి సాధనం చాలా పేజీలు చక్కగానే తెచ్చింది. కానీ ‘మ’ అక్షరాన్ని కొన్నిచోట్ల ‘వ’కు కొమ్ము తగిలించిన ముక్కలుగా చదివింది. ‘మనం’ ‘వునం’ అయింది, ‘మళ్లీ’ ‘వుళ్లీ’ అయింది. ‘వుంది’, ‘వున్నాడు’ అని రచయిత నిజంగానే రాసిన మాటలు వాటి మధ్యలో కలిసిపోయాయి. అన్నిటినీ ఒక్క దెబ్బతో మార్చేయడానికి వీల్లేదు. ఒక్కో మాటా చదువుకుంటూ పోవాల్సిందే. రెండు మూడు దశాబ్దాల తెలుగు సాహిత్యం ఇప్పటికీ ఇలాంటి ఫైళ్లలో, అదీ హార్డ్ డిస్కు బాగుంటేనే, ఉంది. ఫాంటు లోపలి అమరికను మొదట్లోనే బయటపెట్టి ఉంటే ఈ చాకిరీలో సగం తప్పేది.

ఒకరి కోడ్ ఇంకొకరి చేతికి

ఇంటర్నెట్టులో తెలుగు పత్రికలు మొదట్లో ఇదే దారి పట్టాయి. ఒక్కో దినపత్రికకు ఒక్కో సొంత ఫాంటు. వార్త చదవాలంటే ముందు ఆ ఫాంటు దించుకోవాలి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఆఫీసు కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్లకు ఫాంటు పెట్టుకునే అనుమతి ఉండేది కాదు. ఇక లినక్స్ వాడేవాళ్ల గోడు చెప్పనక్కర్లేదు.

అప్పుడు వెన్న నాగార్జున ‘పద్మ’ అనే ఎక్స్‌టెన్షన్ రాశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టింది కూడా ఆయనే. ఫైర్‌ఫాక్స్‌లో పద్మ ఉంటే చాలు. ఏ పత్రిక తన ఫాంటులో ఏ గడిలో ఏ ముక్క పెట్టిందో దానికి తెలుసు. పేజీ తెరుచుకుంటూ ఉండగానే ఆ ముక్కలన్నిటినీ ఏరి అసలైన తెలుగుగా, అంటే యూనికోడ్‌గా మార్చి చూపించేది. పాఠకుడికి ఫాంటు గొడవే లేదు. కాపీ చేసుకోవచ్చు, మిత్రుడికి పంపవచ్చు. ఇలాంటి ఎక్స్‌టెన్షన్ సాధ్యమైందంటే ఫైర్‌ఫాక్స్ కూడా ఓపెన్ సోర్స్ కావడం ఒక కారణం. 1998లో నెట్‌స్కేప్ తన బ్రౌజరు కోడ్‌ను లోకానికి ఇచ్చేస్తే అందులోంచి మొజిల్లా పుట్టింది, 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ వచ్చింది. ఎవరైనా దానికి తమకు కావలసిన అదనపు పనులు తగిలించుకునే వీలు మొదటినుంచీ ఉంది.

కథలో నాకు ఎక్కువ ఇష్టమైన ఘట్టం ఆ తర్వాతది. పద్మలో ఇంగ్లిషు అక్షరాలతో కొట్టిన తెలుగును తెలుగు లిపిలోకి మార్చే భాగం ఉంది. దాని మూలం ఆర్‌టీఎస్. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ 1990ల తొలినాళ్లలో తయారు చేసిన లిప్యంతరీకరణ పద్ధతి అది. వీవెన్ అనే మరో తెలుగు ఔత్సాహికుడు పద్మలోని ఆ భాగాన్ని తీసుకుని ఒక మామూలు వెబ్ పేజీలో కూర్చారు. అదే ‘లేఖిని’. పైన పెట్టెలో ఇంగ్లిషు కీలతో కొడుతూ ఉంటే కింద పెట్టెలో తెలుగు వస్తుంది. దించుకునేదేమీ లేదు, నేర్చుకునేదీ పెద్దగా లేదు. 2000ల మధ్య నుంచి తెలుగు బ్లాగులు వందల్లో పుట్టుకొచ్చాయంటే లేఖిని వల్లే సగం. అంతకుముందు ఎన్నడూ తెలుగులో టైపు చేయనివాళ్లు దాంతో కథలు రాశారు, వంటలు రాశారు, ఊరి ముచ్చట్లు రాశారు.

రైస్ విశ్వవిద్యాలయం నుంచి పద్మకు, పద్మ నుంచి లేఖినికి. ఈ ముగ్గురు నలుగురూ ఒక కంపెనీ వాళ్లు కారు, ఒక ఊళ్లో ఉన్నవాళ్లూ కారు. ఒకరు చేసినదాన్ని ఇంకొకరు ముందుకు తీసుకెళ్లారు, అంతే. కోడ్ తాళం వేసి ఉంటే వీవెన్ ఆ లిప్యంతరీకరణను మొదటి అక్షరం నుంచి మళ్లీ రాసుకోవాలి, లేదా ఆ ఆలోచనే మానుకోవాలి.

ఇది యాదృచ్ఛికం కాదు. దీని వెనక లైసెన్సు అనే చట్టబద్ధమైన ఏర్పాటు ఉంది. మసాచుసెట్స్‌లోని ఎంఐటీ ప్రయోగశాలలో ప్రింటరు పదేపదే ఆగిపోతుంటే బాగు చేద్దామని రిచర్డ్ స్టాల్‌మన్ దాని కోడ్ అడిగాడు. ఇవ్వనన్నారు. ఆ కోపం 1983లో గ్నూ ప్రాజెక్టు అయింది. సాఫ్ట్‌వేర్‌ను ఏ పనికైనా వాడుకోవచ్చు, లోపల చూడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు, మార్చి పంచేవాళ్లు ఇదే హక్కు అవతలివాళ్లకూ ఇవ్వాలి. ఆయన రాసిన జీపీఎల్ లైసెన్సు సారం ఇదే. ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ ఆ లైసెన్సు కిందికే వచ్చింది. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని అతి వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్లన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. వెబ్ కూడా ఇలా వచ్చిందే. 1993 ఏప్రిల్ 30న ఐరోపా పరిశోధన సంస్థ సెర్న్ దాని సాంకేతికతను రుసుము లేకుండా అందరికీ వదిలేసింది. పేజీ మీద కుడి బటన్ నొక్కి సోర్స్ చూసి హెచ్‌టీఎంఎల్ నేర్చుకున్న తరం మాది. నాకు ఆ పాఠం చెప్పిన గురువుల పేర్లు కూడా తెలియవు. తమ పేజీని తెరిచి ఉంచారు, నేను చూసి నేర్చుకున్నాను.

‘జ్ఞా’ చేసిన గలభా

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచ వార్తల్లోకి ఎక్కింది. ‘జ్ఞా’ అక్షరం ఒకానొక రూపంలో సందేశంగా వస్తే చాలు, ఐఫోన్‌లో ఆ సందేశాన్ని చూపించే యాప్ కుప్పకూలిపోతోంది. తిరిగి తెరిస్తే మళ్లీ అదే అక్షరాన్ని గీయబోయి మళ్లీ కూలుతుంది. కొందరు ఆకతాయిలు దాన్ని ట్విట్టర్‌లోనూ వాట్సాప్‌లోనూ పంపి తోటివాళ్ల ఫోన్లు స్తంభింపజేశారు.

లోపల జరిగింది ఇది. ‘జ్ఞ’కూ దాని దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని ఒక సంకేతం ఉంది. రెండు అక్షరాలు కలవకుండా ఆపడానికి యూనికోడ్‌లో వాడే గుర్తు అది. ఆ వరసను పేర్చడంలో ఆపిల్ సాఫ్ట్‌వేర్ తడబడింది. అప్పట్లో మొజిల్లాలో పనిచేస్తున్న మనీష్ గోరేగావ్‌కర్ దీన్ని ముక్కలు ముక్కలుగా విప్పి చూశాడు. బెంగాలీలో, దేవనాగరిలో కూడా ఇదే చిక్కు ఉన్న వరసలు ఉన్నాయని కనిపెట్టాడు. కానీ ఆయన చేయగలిగింది అంతవరకే. లోపలి కోడ్ చూసే వీలు లేదు కాబట్టి ఒక్కో వరసనూ ఇచ్చి ఏది కూలుతుందో ఏది కూలదో చూస్తూ, లోపల ఏముందో ఊహించుకోవాల్సి వచ్చింది. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 వెర్షన్‌తో సరిచేసింది. ఫోన్లు కూలుతున్నాయి, ప్రపంచమంతా గోలపెట్టింది, కాబట్టి రోజుల్లోనే సరిచేశారు.

నన్ను కలవరపెట్టేది ఫోన్ కూలని తప్పు. ఒక వత్తు పక్కకు జరిగింది, ఒక గుణింతం తల మీద నుంచి జారింది. దానివల్ల ఎవరి ఫోనూ ఆగిపోదు, వార్తా కాదు. తెలుగువాళ్ల కంటికి మాత్రం పంటికింద రాయిలా తగులుతూనే ఉంటుంది. తాళం వేసిన సాఫ్ట్‌వేర్‌లో అలాంటి తప్పుకు వంతు ఎప్పుడొస్తుందో కంపెనీ దయ. హార్ఫ్‌బజ్‌లో అయితే తప్పు ఎక్కడుందో నమోదు చేయవచ్చు, అది ఎవరి దగ్గర ఏ స్థితిలో ఉందో చూడవచ్చు, చేతనైతే సరిచేసి పంపవచ్చు. అమ్మకాల లెక్కల్లో వెనకబడే భాషకు ఈ తలుపు తెరిచి ఉండటం ప్రాణావసరం.

ఫాంట్ల విషయంలో మనం ఆ తలుపు బాగానే వాడుకున్నాం. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి ఇచ్చారు. డెబియన్ లాంటి లినక్స్ పంపిణీలు వాటిని అందరికీ అందిస్తున్నాయి. లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ చొరవతో లోహిత్ ఫాంటు వచ్చింది. ఆ తర్వాత అమెరికాలోని తెలుగు సాంస్కృతిక సంస్థ సిలికానాంధ్ర ముందుకొచ్చి మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ, సూరన్న, పెద్దన, ధూర్జటి, తిమ్మన లాంటి ఫాంట్ల వరసను విడుదల చేయించింది. ఇవి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. పుస్తకం వేసుకోవచ్చు, వెబ్‌సైటులో పెట్టుకోవచ్చు, వత్తు నచ్చకపోతే దిద్దుకోవచ్చు. ఫాంటును విడిగా అమ్ముకోవడం మాత్రం కుదరదు. చిన్న ప్రచురణకర్తలు ఇవాళ ధైర్యంగా ఈ-బుక్ వేస్తున్నారంటే ఈ ఫాంట్ల అండ ఉంది.

అర సెకను ఆలస్యం

ఇంత చెప్పాక ఓపెన్ సోర్స్ బలహీనత కూడా చెప్పాలి. అది నన్ను నిజంగా భయపెడుతుంది.

ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే చిన్న సాఫ్ట్‌వేర్. లినక్స్ సర్వర్లలో దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. దాని ఆలనాపాలనా ఏళ్లుగా లాసే కొలిన్ అనే ఒక్కడే, జీతం లేకుండా, ఖాళీ వేళల్లో చూసుకునేవాడు. 2021లో జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి సాయం మొదలుపెట్టారు. ఇంకొన్ని పేర్లతో ఎవరెవరో ‘పని నెమ్మదిగా సాగుతోంది, బాధ్యత ఇంకొకరికి అప్పగించు’ అని కొలిన్‌ను పోరారు. మెల్లగా జియా టాన్ చేతికి పగ్గాలు వచ్చాయి. 2024లో విడుదలైన 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఒక దొంగదారి పెట్టారు. అది లోకమంతా పాకి ఉంటే లెక్కలేనన్ని సర్వర్లలోకి అపరిచితులు చొరబడే వీలుండేది.

పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే ఇంజినీరు, మైక్రోసాఫ్ట్ ఉద్యోగి. ఏదో వేగ పరీక్ష చేసుకుంటుంటే సర్వరులోకి లాగిన్ కావడానికి అర సెకను అదనంగా పడుతోందని గమనించాడు. ఎందుకా అని తవ్వుకుంటూ వెళితే ఎక్స్‌జెడ్ దగ్గర తేలింది. మార్చి 29న బయటపెట్టాడు. లినక్స్ పంపిణీల స్థిరమైన వెర్షన్లలోకి అది అప్పటికింకా చేరలేదు. కోడ్ తెరిచి ఉంది కాబట్టే ఆ దొంగ లోపలికి వచ్చాడని కొందరంటారు. నిజమే. తెరిచి ఉంది కాబట్టే ఏ కంపెనీ అనుమతీ అడగకుండా ఫ్రాయిండ్ దాన్ని తవ్వగలిగాడు. అది కూడా నిజమే. అయినా అసలు దోషం తెరిచి ఉంచడంలో లేదు. కోట్ల రూపాయల వ్యాపారాలు ఆధారపడిన చోట ఒకే ఒక్క అలసిన మనిషిని ఒంటరిగా వదిలేయడంలో ఉంది. ఊరి చెరువు నీళ్లు అందరూ పారించుకుంటారు, పూడిక తీసే రోజున మాత్రం గట్టు మీద ఎవరూ ఉండరు.

తెలుగు సాధనాలదీ ఇదే పరిస్థితి. ఒక్కోదాని వెనక ఒకరిద్దరే. ఉద్యోగం మారినా, ఇంట్లో బాధ్యతలు పెరిగినా ఆ సాధనం అక్కడే ఆగిపోతుంది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లన్నిటినీ పక్కన పెట్టేసింది. తిరిగి రాసేవాళ్లు లేక ఎన్నో మంచి సాధనాలు అప్పుడే పోయాయి. కనీసం వాటి కోడ్ మిగిలింది. కంపెనీ మూసేసిన ఉచిత సేవలకు ఆ భాగ్యం కూడా ఉండదు. 2013 జులైలో గూగుల్ రీడర్, 2014 సెప్టెంబరులో ఆర్కుట్ మూతపడ్డాయి. బ్లాగులన్నీ ఒకచోట చదువుకునే అలవాటు, తెలుగు సాహిత్య చర్చలు సాగిన సమూహాలు వాటితోపాటే పోయాయి. ఎవరైనా తీసుకుని నడుపుకుందామన్నా చేతికి ఏదీ రాలేదు.

డబ్బు ఇచ్చేవాళ్లు మన దేశంలోనూ మొదలయ్యారు. జెరోధా సంస్థ 2024లో ఫ్లాస్ ఫండ్ పెట్టి ప్రపంచంలోని ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఏటా 10 లక్షల డాలర్లు ఇస్తామంది. ఆ సంస్థ సాంకేతిక అధిపతి కైలాష్ నాథ్ మలయాళానికి ఓలం అనే బహిరంగ నిఘంటువు తయారుచేసిన మనిషి. కేరళ బడుల్లో కంప్యూటరు పాఠాలు లినక్స్ మీదే చెబుతారు. హైదరాబాదు నిండా సాఫ్ట్‌వేర్ కంపెనీలు పెట్టుకున్న మనం ఈ రెండిట్లో ఒక్కటీ ఆ స్థాయిలో చేయలేదు. ‘స్వేచ్ఛ’ సంస్థ, ఇంజినీరింగ్ కాలేజీల్లోని దాని విద్యార్థి బృందాలు ఏళ్లుగా లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని, తెలుగు పాఠం పోగేసే పని చేస్తున్నాయి. వాళ్లకు ప్రభుత్వాల నుంచి, కంపెనీల నుంచి దక్కాల్సిన చేయూత దక్కలేదని నా అభిప్రాయం.

ప్రభుత్వాలు పైసా ఖర్చు లేకుండా చేయగలిగింది ఒకటుంది. ప్రజల డబ్బుతో తయారైన పారిభాషిక పదకోశాలు, నిఘంటువులు, పాఠ్యపుస్తకాలు, అకాడమీల ప్రచురణలు యూనికోడ్ పాఠంగా, ఎవరైనా వాడుకునే లైసెన్సుతో విడుదల చేయాలి. స్కాన్ చేసిన బొమ్మలు కాదు, పాఠం. అది చేతికొస్తే అక్షరదోషాలు దిద్దే సాధనం మెరుగుపడుతుంది, చూపులేనివాళ్లకు చదివి వినిపించే గొంతు బాగుపడుతుంది. మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ బృందం భారతీయ భాషల అనువాద నమూనాలను ఇప్పటికే బహిరంగంగా ఇచ్చింది. అలాంటి నమూనాలకు తిండి మంచి తెలుగు పాఠమే. దాన్ని మనం పెట్టకపోతే యంత్రం ఇంటర్నెట్టులో దొరికిన తప్పుల తెలుగే నేర్చుకుంటుంది.

కోడ్ రాయడం రానివాళ్లకు కూడా చేతినిండా పనుంది. తెలుగు వికీసోర్స్‌లో హక్కుల గడువు తీరిన పాత పుస్తకాలు ఉన్నాయి. ఎడమవైపు పాఠం, కుడివైపు స్కాన్ చేసిన పేజీ. యంత్రం చదివి పెట్టిన పాఠంలో ‘ధ’ ‘థ’గా, ‘ఘ’ ‘ఫ’గా మారి ఉండవచ్చు. అసలు పేజీ చూస్తూ దిద్దాలి. టెస్సరాక్ట్ లాంటి ఓపెన్ సోర్స్ సాధనాలు పాత అచ్చును చదవడంలో బాగా మెరుగయ్యాయి. అయినా వత్తు కింద వత్తు ఉన్నచోట మనిషి కన్ను కావాల్సిందే. అరగంటలో రెండు మూడు పేజీలు అవుతాయి. దిద్దని పేజీ ఎరుపు రంగులో ఉంటుంది, ఒకరు దిద్దితే పసుపు అవుతుంది. ఆకుపచ్చ కావాలంటే మాత్రం రెండో మనిషి వచ్చి చూడాలి. దిద్దినవాళ్లే దాన్ని ఆమోదించుకునే వీలు అక్కడ లేదు. పసుపు రంగులో ఆగిన పేజీలు ఇప్పుడు చాలా ఉన్నాయి.